తెరవని లెన్సు

“ఇదిగో అక్కగారూ, కళ్ళారా చూడండి. ఎంత దుమ్ముందో!” అన్నాడు ఇన్‌స్పెక్టర్, లెన్సు లోపలికి టార్చి వేసి.

భూతద్దం తొంగి చూసింది. గాజుబిళ్ళల మధ్య చిక్కుకున్న దుమ్ము తెల్లగా మెరుస్తోంది. కాదనడానికి లేదు.

ఆవిడ అసలు పేరు ఆ స్టేషన్‌లో ఎవరికీ గుర్తు లేదు. నేరం జరిగిన చోట ఫోటోలు తీసే ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరి కంటికీ ఆననివి పట్టి చూపించేది కాబట్టి భూతద్దం అన్నారు. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నా ఆ పేరు మాత్రం ఆవిడని వదల్లేదు. ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆవిడ దగ్గరే కెమెరా పట్టడం నేర్చుకున్నాడు. గురువుని మించిన శిష్యుడనిపించుకోవాలని అప్పటినుంచీ అతనికి ఒకటే తహతహ. ఇవాళ ఆ కోరిక తీరబోతోందని మొహంలోనే తెలుస్తోంది.

బల్లకి అటువైపు ఫోటోగ్రాఫర్ అమ్మాయి కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం తీసుకొచ్చారు. రాత్రంతా నిద్రలేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆమె పెదనాన్న లెన్సులు బాగుచేసే మెకానిక్. నిన్న సాయంత్రం ఐదింటికి తన గదిలో పనిబల్ల మీద తల వాల్చి చనిపోయి కనిపించాడు. తల వెనక దెబ్బ ఉంది. కుర్చీలో కూర్చున్న మనిషికి వెనక దెబ్బ తగిలిందంటే ఎవరో వెనకనుంచి కొట్టారని ఇన్‌స్పెక్టర్ లెక్క తేల్చేశాడు. మూడింటికి ఈ అమ్మాయి మెట్లు దిగి వెళ్ళడం చూశానని కింద ఫోటో స్టూడియో నడిపేవాడు చెప్పాడు. ఇవాళ ఐదు దాటితే అమ్మాయిని జైలుకి పంపుతారు. వాళ్ళమ్మ పొద్దున్నే భూతద్దం గుమ్మం ముందు నిలబడి, “నాకున్నది అదొక్కతే. ఎలాగైనా బయటికి తీసుకురండి” అని చేతులు పట్టుకుంది.

“నీ కథేంటో చెప్పు తమ్ముడూ” అంది భూతద్దం, కుర్చీ లాక్కుని.

“కథ కాదు, సాక్ష్యం. నిన్న పొద్దున లెన్సుతో సహా కెమెరా పెదనాన్నకి ఇచ్చానంటుంది. ఆయన శుభ్రం చేసి మధ్యాహ్నానికల్లా తిరిగి ఇచ్చేశాడంటుంది. అది తీసుకుని ఊరి చివర చెరువు దగ్గరికి పోయి ఫోటోలు తీశానంటుంది. కెమెరాలో టైము చూస్తే మూడుంబావు, ఆ గది నుంచి చెరువుకి గంట దారి. బాగానే ఉంది. కానీ శుభ్రం చేసిన లెన్సులో దుమ్ము ఎక్కడిదండీ? చెయ్యలేదన్నమాట, ఇవ్వలేదన్నమాట! మూడింటికి ఆ గదికి పోయింది, కొట్టింది, తన వస్తువు తను పట్టుకుని వచ్చేసింది. చెరువు ఫోటోలు ఏనాటివో! కెమెరాలో టైము మార్చడం ఎంత సేపు?”

“కొట్టేంత గొడవేంటి?”

“ఆయన దుకాణం అమ్మేస్తానన్నాడు. తనకి ఇవ్వమని ఈ అమ్మాయి పట్టుబట్టింది. మొన్న ఇద్దరూ అరుచుకున్నారు.”

“నేను అరిచాను, ఆయన అరవలేదు” అంది అమ్మాయి నీరసంగా. “ఆయన ఎప్పుడూ అరవడు.”

“దేనితో కొట్టింది?” అని అడిగింది భూతద్దం.

“వెతుకుతున్నాం.”

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడితో వాదించి లాభం లేదు. ఆవిడ అమ్మాయి వైపు తిరిగింది.

“కెమెరా ఎందుకిచ్చావమ్మా ఆయనకి?”

“ఫోటోల్లో మచ్చ పడుతోందాంటీ. ఆకాశంలో, కుడివైపు పైన. ప్రతిదాంట్లోనూ అదే చోట. లెన్సులో చూస్తే దుమ్ముంది. అందుకే పడుతోందనుకున్నా. నిన్న పొద్దున బళ్ళో పిల్లల గ్రూపు ఫోటో తీశాను, అందులోనూ పడింది. ఇక లాభం లేదని నేరుగా పెదనాన్న దగ్గరికి పోయాను.”

భూతద్దం చేతులకి తొడుగులు వేసుకుని, కెమెరాకి ఆ దుమ్ము లెన్సునే తగిలించింది. ఇన్‌స్పెక్టర్ ‘అయ్యో, అది సాక్ష్యం’ అంటూ లేచేలోపే కిటికీలోంచి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫోటో తీసింది. అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కన్నం, బాగా చిన్నది చేసి తీసింది, ఎందుకంటే మచ్చలు బయటపడేది అప్పుడే. తెర అతని వైపు తిప్పింది.

“లెన్సులో దుమ్ము ఉందిగా. మరి ఫోటోలో ఏదీ?”

ఇన్‌స్పెక్టర్ తెరని దగ్గరికి లాక్కుని చూశాడు. ఆకాశం ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంది, ఎక్కడా మచ్చ లేదు.

“లెన్సు లోపలి దుమ్ము మనకి కనపడుతుందే తప్ప ఫోటోకి ఏమీ కాదు. ఆ మచ్చ పెట్టేది కెమెరా లోపల, బొమ్మ పడే సెన్సరు మీద కూర్చున్న నలుసు. ఆయన తుడిచింది దాన్ని. దుమ్ముందని తెచ్చే లెన్సుల్ని ఆయన అసలు తెరిచేవాడే కాదు. తెరిస్తే ఇంకాస్త దుమ్ము పడుతుందని నాతోనే అన్నాడు. అది చెబితే జనం నమ్మరు, ఇంకో దుకాణానికి పోతారు. అందుకని సరేనని తీసుకుని, తుడవాల్సింది తుడిచి, తెరవని లెన్సునే తిరిగి ఇచ్చేసేవాడు. ఇప్పుడు కెమెరాలోంచి నిన్నటి బడి ఫోటో బయటికి తియ్యి.”

తీశాడు. పిల్లల తలల పైన ఆకాశంలో, కుడివైపు, బూడిదరంగు మచ్చ. వెనక బడి గోడ మీద గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. కెమెరా టైమూ అదే.

“టైము సరిగ్గానే ఉందిగా? ఇప్పుడు చెరువు ఫోటోలు చూడు. మచ్చ లేదు. అంటే నిన్న పొద్దున తర్వాత తీసినవే. సాయంత్రానికి ఈ పిల్ల నీ దగ్గరే ఉంది. మధ్యలో టైము మార్చిందంటావా? కెమెరాలో గడియారాన్ని మారుస్తుంది సరే, ఈ ఫోటోలో చెరువుగట్టు మీద బెంచీ నీడని ఎవరు సాగదీశారు? మిట్టమధ్యాహ్నం నీడ అంత పొడుగ్గా పడుతుందా?”

అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం టార్చి ఆర్పుతూ, వెలిగిస్తూ కూర్చున్నాడు.

“మరి మెట్లు దిగిందెవరు? ఇంకో మనిషిని చూపించండి, ఈ అమ్మాయిని వదిలేస్తా. మచ్చలూ నీడలూ చూపిస్తే పైవాళ్ళు నన్ను తిడతారు.”

ఆవిడ అప్పటికే బల్ల మీదున్న పోలీసు ఫోటోలు ఒక్కొక్కటే తిరగేస్తోంది. ఎవరు తీశారో గానీ సగం ఫోటోల్లో కానిస్టేబుల్ బూట్లే ఉన్నాయి. ఒకదాని దగ్గర మాత్రం ఆగిపోయింది. అందులో పనిబల్ల, దానిమీద ముక్కలుగా విప్పిన పాత లెన్సు ఒకటి, ముక్కలమీద బోర్లించిన గాజుగిన్నె ఉన్నాయి. పైన ఫ్యాను. ఫ్యాను రెక్కలు విడివిడిగా లేవు, గుండ్రంగా అలికేసినట్టు ఉన్నాయి.

“మీరు వెళ్ళేసరికి ఫ్యాను తిరుగుతోందా?”

“తిరుగుతోంది. మావాడే ఆపాడు. ఏం?”

“మీ పెదనాన్న ఫ్యాను వేసుకునేవాడామ్మా?” అని అమ్మాయిని అడిగింది భూతద్దం.

ఏడుపులోనే నవ్వొచ్చింది ఆ అమ్మాయికి. “ఫ్యానా! దుమ్ము లేస్తుందని చచ్చినా వేసేవాడు కాదాంటీ. నేను చెమటలు కక్కుతుంటే, గాలి కావాలంటే వీధిలోకి పో అనేవాడు. ఎవరికోసమూ...”

అక్కడ ఆగిపోయింది. నవ్వు మొహం మీదే ఇంకిపోయింది. “ఏమో. నాకు తెలీదు” అంది, గోడకేసి చూస్తూ.



* * *

స్టూడియో నడిపేవాడు పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తూ మాట్లాడాడు.

“వెనకనుంచి చూశాను మేడమ్. ఆ నడక ఆ అమ్మాయిదే.”

“మొహం చూశారా?”

“మొహం చూళ్ళేదు. ‘ఆ అమ్మాయేనా’ అని పోలీసులే అడిగారు. అవునన్నాను. కాదంటే ఇంకో పది ప్రశ్నలు వేస్తారు కదా.”

“సరే, ఐదింటికి మీరు పైకి ఎందుకు వెళ్ళారు?”

“ఫ్యాను ఆగలేదని. పాత ఫ్యాను మేడమ్, పైన తిరిగితే నా నెత్తిమీద కిర్రుకిర్రుమంటుంది. ఆయన వెయ్యడమే తక్కువ. ఏ నెలకో ఒకసారి మధ్యాహ్నం పూట కాసేపు వినపడేది, ఆగిపోయేది. నిన్న రెండున్నరకి మొదలైంది. మూడైంది, నాలుగైంది, ఆగదే! ఇదేమిట్రా అని వెళ్ళి చూస్తే...” కత్తెర కింద పెట్టేశాడు. “మంచాయన. ఎవరి జోలికీ పోయేవాడు కాదు.”

పోలీసులు అతని దగ్గర ఉంచిన తాళంచెవి తీసుకుని భూతద్దం పైకి వెళ్ళింది.

ఒకటే గది, దుకాణమూ ఇల్లూ అదే. కిటికీకి తడిగుడ్డ తెర. ఓ మూల స్టవ్వు, ఒకే కంచం, ఒకే గ్లాసు. పనిబల్ల దగ్గర కుర్చీ, దానికి ఎదురుగా వచ్చినవాళ్ళకి ఇంకో కుర్చీ. ఆ రెండో కుర్చీకి మాత్రం మెత్త ఉంది. ఆ కుర్చీ ఆవిడకి కొత్త కాదు. ఒకసారి తన లెన్సు ఇస్తే ‘రేపు రండి’ అన్నాడు. రేపు వెళితే ‘ఎల్లుండి’ అన్నాడు. అలా వారం తిప్పాడు. పని పూర్తయి అలమరలో కూర్చుని ఉన్న లెన్సుని ఆవిడ రెండోరోజే చూసింది, చూసి కూడా ఊరుకుంది. వెళ్ళిన ప్రతిసారీ కాసేపు కబుర్లు చెప్పుకునేవాళ్ళు. తాళం తీసేసరికి ఓ మనిషి గొంతు వినపడాలని ఇంట్లో రేడియో ఆపకుండా బయటికి వచ్చే మనిషి ఆవిడ. ఆయన తిప్పడం ఎందుకో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వారం అయిపోయాక ఇంకో వంకతో రావాల్సింది, రాలేదు. ఇప్పుడు అనుకుని ఏం లాభం.

ఆవిడ పనిలో పడింది. గాజుగిన్నె అలాగే బోర్లించి ఉంది. అంటే పని ఆపినవాడు ఆయనే. గాలికి ముక్కల మీద దుమ్ము పడకుండా ముందు గిన్నె కప్పి, అప్పుడు ఫ్యాను వేశాడు. ఎవరో వచ్చారు. సొంత తమ్ముడి కూతురికే వెయ్యని ఫ్యాను, పని ఆపి మరీ వేసేంత మనిషి వచ్చారు.

కుర్చీ వెనక ఇనప బీరువా. కూర్చున్న మనిషి తల ఎత్తున పోలీసులు వేలిముద్రల పొడి చల్లి వదిలేశారు. భూతద్దం నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని టార్చి ఏటవాలుగా వేసింది. బీరువా కింది మూలకి, మోకాలి ఎత్తులో, ఎండిన నెత్తురు చార, దానికి అంటుకుని ఒక తెల్ల వెంట్రుక కనిపించాయి. ఎవరూ కొట్టలేదు. ఆయన వెనక్కి పడ్డాడు. కానీ నేలమీద పడ్డ మనిషి మళ్ళీ కుర్చీలోకి ఎలా వచ్చాడు?

కింద ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడైంది. అమ్మాయి తల్లి. భూతద్దమే రమ్మని కబురు పెట్టింది.

“రండమ్మా. బావగారి సామాన్లలో ఏమైనా పోయాయేమో చూసి చెప్తారని పిలిచాను.”

“నాకేం తెలుస్తుందండీ? నేను ఈ మెట్లెక్కి ఏళ్ళయింది. మా ఆయన పోయాక మళ్ళీ రాలేదు” అంది తల్లి. సన్నగా, కూతురి పొడుగే ఉంది. నడకా అదే. గది ఉక్కగా ఉంది. పైటచెంగుతో మెడ తుడుచుకుంది. “దాని సంగతేమైంది? వదిలేస్తారా?”

“వదిలేసేలా ఉన్నారు. తను ఇక్కడ లేదని రుజువైంది.”

“అమ్మయ్య!” అంటూ తల్లి మెత్త ఉన్న కుర్చీవైపు నడిచింది. దారిలోనే, తల తిప్పకుండానే, గోడమీద స్విచ్చుబోర్డు మీద చెయ్యి వేసింది. ఆ బోర్డుకి ఆరు స్విచ్చులున్నాయి, అన్నీ ఒకేలాగున్నాయి. ఇందాక భూతద్దం దీపం వెయ్యబోయి మూడు తప్పు నొక్కింది. తల్లి ఒక్కటే నొక్కింది. ఫ్యాను కిర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది.

ఇద్దరూ పైకి చూశారు. తల్లి చెయ్యి ఇంకా బోర్డు మీదే ఉంది.

“కూర్చోండి” అంది భూతద్దం మెల్లిగా. “ఆయన మీకోసం ఒక్కరికే వేసేవాడు కదా ఫ్యాను?”

తల్లి బోర్డు మీదనుంచి చెయ్యి తీసింది. తర్వాత కూర్చుంది.

“నెలకోసారి వచ్చేదాన్నండీ. దానికి తెలీదు. తప్పేమీ లేదు. కాసేపు కూర్చునేవాళ్ళం, అంతే. మా ఆయన పోయినప్పటినుంచీ మా మంచీచెడ్డా బావగారే చూశారు. కానీ మా గడప ఎప్పుడూ తొక్కలేదు. నేనే రావద్దన్నాను. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని.”

“నిన్న ఏం జరిగింది?”

“దుకాణం అమ్మేస్తున్నానన్నారు. ఎందుకండీ అన్నాను. ‘ఇక ఒక్కణ్ణీ వండుకుని తినబుద్ధి కావడంలేదు. మీ ఇంట్లో ఓ మూల పడుంటాను. ఎవరేమనుకుంటే మనకేం, ఈ వయసులో’ అన్నారు. వీల్లేదని లేచాను. చెయ్యి పట్టుకున్నారు.” ఆమె ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుంది. “చెడ్డగా కాదండీ. పడిపోతున్నవాళ్ళు పట్టుకున్నట్టు పట్టుకున్నారు. నేనే భయపడి విదిలించాను. వెనక్కి పడిపోయారు.”

“మరి కుర్చీలోకి?”

“తనే లేచారు. నేను కేక వెయ్యబోతే నోటిమీద వేలు పెట్టుకుని వద్దన్నారు. తనంతట తనే లేచి, అదిగో, ఆ కుర్చీలో కూర్చున్నారు. నవ్వారు కూడా. ‘నాకేం కాలేదు, నువ్వు వెళ్ళు. ఎవరైనా చూస్తే నీకు మాట వస్తుంది’ అన్నారు. వెళ్ళిపోయాను. సాయంత్రం కబురొస్తే నాకేమీ అర్థం కాలేదు. బాగానే మాట్లాడారు కదా! తర్వాత ఇంకెవరైనా వచ్చి కొట్టారేమోనని... మిమ్మల్ని పెట్టుకున్నది అందుకేనండీ.”

భూతద్దం ఉద్యోగంలో ఉండగా ఇలాంటి శవాలు రెండు చూసింది. తలకి దెబ్బ తగిలాక లేచి, మాట్లాడి, లోపల నెత్తురు నిండాక మెల్లిగా పోయినవాళ్ళు. ఆ సంగతే చెప్పింది. ఎవరూ రాలేదని, ఎవరూ కొట్టలేదని చెప్పింది.

“అంటే నేను వెళ్ళాక బతికే ఉన్నారా?”

“ఉన్నాడు. గంటో, ఇంకాస్తో.”

“అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళుంటే?”

అబద్ధం చెప్పాలని భూతద్దానికి ఎంతో అనిపించింది. జీవితమంతా ఉన్నది ఉన్నట్టు చూపించడమే పనిగా పెట్టుకున్న నోటికి అది రాలేదు.

“బతికేవాడేమో” అంది.

తల్లి ఏడవలేదు. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చుంది. గంటసేపు ఆయన కూడా ఇలాగే, తను లేచి వెళ్ళిన ఈ కుర్చీ వైపే చూస్తూ కూర్చుని ఉంటాడని ఆమెకి తోచిందేమో, చటుక్కున చూపు తిప్పుకుంది.

ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్.

“అక్కా, మీ మచ్చ లెక్క కరెక్టే. మనసులో నేను ఒప్పుకున్నాను కూడా. కానీ ఇప్పుడు దాంతో పనిలేదు.”

“ఏమైంది?”

“అమ్మాయి నేరం ఒప్పేసుకుంది. చెరువునుంచి తిరిగొచ్చి తనే తోసేశానంటోంది. ఫ్యాను వేసింది కూడా తనేనట. మీరు ఫ్యాను గురించి అడిగి వెళ్ళారు చూడండి, అప్పటినుంచి గోడకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత తనే కాగితం అడిగింది. సంతకం కూడా పెట్టేసింది. ఇంకో పావుగంటలో బయల్దేరదీస్తున్నాం.”

“ఆగు. బయల్దేరకు. నేను వస్తున్నా.”

“ఎందుకక్కా? ఓడిపోయారని ఒప్పుకోడానికా?”

“మనిషిని చూపించమన్నావుగా” అని పెట్టేసింది భూతద్దం.

అంత చిన్న గదిలో ఫోన్లో మాట ఎంత చిన్నగా వచ్చినా వినపడకుండా పోదు. తల్లి అప్పటికే లేచి నిలబడింది.

“నేను ఇక్కడికి వస్తున్నానని దానికి తెలుసన్నమాట” అంది. “తెలిసీ నన్ను ఒక్క మాట అడగలేదు. ఆయనా అంతే, ఇదీ అంతే. నన్ను కాపాడదామనుకుంటారు, నన్ను అడగరు.”

“మీరు చెప్తే ఊరంతా తెలుస్తుంది. పేపర్లో రాస్తారు. రాసేటప్పుడు కాసేపు కూర్చునేవాళ్ళం అని రాయరు.”

“తెలుసండీ.”

“హత్య కాదని నేను రుజువు చేస్తాను. కానీ ఆ మాటల్ని మాత్రం ఆపలేను.”

“ఆ మాటలకి భయపడే కదండీ ఆయన్ని ఇక్కడ వదిలేసి వెళ్ళాను” అంది తల్లి. చెప్పులేసుకుంది. ఎప్పుడూ గోడవారగా దిగే మెట్లని ఈసారి మధ్యలోంచి దిగింది. భూతద్దం వెనకే దిగింది.

స్టూడియో తలుపు తీసే ఉంది. లోపల ఫోటో దిగడానికి వచ్చిన నలుగురైదుగురు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. చప్పుడు విని స్టూడియో నడిపేవాడు తలెత్తాడు. తల్లి దాటిపోలేదు. గుమ్మం ముందు ఆగి, అందరికీ వినపడేలా చెప్పింది.

“నిన్న మూడింటికి మీరు చూసింది నన్నండీ. నా కూతుర్ని కాదు.”